మే ఎండలో అహోబిలం: ప్రహ్లాదుడు ఒంటరిగా వెళ్ళనన్నాడు



నృసింహ జయంతి దగ్గర పడుతోందంటే చాలు, మనవాళ్ళు అడిగేది ఒకటే. "అన్నా, అహోబిలం ఒక్క రోజులో అయిపోతుందా? ఉగ్రస్తంభం ఎక్కొచ్చా?" వీడియోలో కథ చెప్పాను, స్థలపురాణం చెప్పాను. ఈ ప్రశ్నకి మాత్రం రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక వదిలేశాను. దాని వెనక నేను చేసిన ఒక తప్పు ఉంది. అది దాచిపెట్టి సలహాలు ఇస్తే నాకే బాగోదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

వెళ్ళనివాళ్ళ కోసం ముందు దారి సంగతి. నంద్యాల జిల్లా, ఆళ్ళగడ్డ మీదుగా నల్లమల అంచున దిగువ అహోబిలం వస్తుంది. అక్కడ ప్రహ్లాదవరదుడి గుడి. అక్కడినుంచి సుమారు 8 కిలోమీటర్లు రోడ్డు మీద పైకి వెళ్తే ఎగువ అహోబిలం, గుహలో వెలసిన స్వామి. బండి అక్కడితో ఆగిపోతుంది. ఆపైన కాళ్ళే. భవనాశిని వాగు వెంబడి లోయలోకి నడిస్తే వరాహ నరసింహుడు వస్తాడు. ఇంకా లోపలికి, పైకి, మెట్లు కొంత, బండరాళ్ళు కొంత ఎక్కితే జ్వాలా నరసింహుడు. ఎగువ గుడినుంచి అక్కడికి సుమారు 4 కిలోమీటర్లు. దగ్గర్లోనే రక్తకుండం. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక స్వామి చేతులు కడుక్కున్న చోటని చెప్తారు. దానికీ పైన, కొండ రెండుగా చీలినట్టు నిలబడి ఉంటుంది ఉగ్రస్తంభం. స్వామి వెలువడిన స్తంభం అదేనని నమ్మకం. జ్వాలా నుంచి అక్కడికి దూరం తక్కువే గానీ ఎక్కుడు నిటారుగా ఉంటుంది. మామూలు మెట్లలా ఉండదు.

మీరు ఇన్‌స్టాలో చూసే ఫొటోలు దాదాపు అన్నీ వానల తర్వాతివి. పచ్చటి కొండ, జ్వాలా గుహ ముందు పైనుంచి పడే జలపాతం, భవనాశినిలో మోకాలి లోతు నీళ్ళు. మే నెలలో అదే దారికి వెళ్ళి చూడండి, ఇంకో ఊరికి వచ్చామా అనిపిస్తుంది. వాగు అక్కడక్కడా మడుగులుగా మిగులుతుంది. జలపాతం చోట చుక్కలు. ఎండుటాకులు రాళ్ళ మీద పరుచుకుని ఉంటాయి, వాటి మీద కాలేస్తే బూటు కూడా జారుతుంది. ఇనుప రెయిలింగ్ ఉన్నచోట పట్టుకుందామంటే చెయ్యి కాలుతుంది. నల్లమల కొండల్లో ఎక్కువగా ఉండేది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. పొద్దున్నించీ ఎండని తాగి, మధ్యాహ్నానికి రెండు పక్కల గోడల్నించీ తిరిగి మనమీదికే వదులుతుంది. పైన ఎండ, పక్కన రాయి, కింద బండ. పొయ్యిలో పెట్టిన అప్పడంలా ఉంటుంది మన పరిస్థితి.

ఇంకో చిన్న లెక్క, ఇంజనీర్ని కాబట్టి చెప్పకుండా ఉండలేను. అహోబిలం సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మన నీడ మన కాళ్ళ కిందే ఉంటుంది. లోయ కాబట్టి నీడ ఉంటుందిలే అనుకుంటాం. పొద్దున ఉంటుంది, నిజమే. మిట్టమధ్యాహ్నం ఆ లోయకి గోడలున్నా లేనట్టే. నృసింహ జయంతి వైశాఖ శుద్ధ చతుర్దశి, అంటే ఏప్రిల్ చివర్నించి మే లోపు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనకి భక్తి పొంగుతుంది.

ఈ ఎండ సంగతి మనమే కొత్తగా కనిపెట్టామనుకోకండి. సుమారు 8వ శతాబ్దంలో తిరుమంగై ఆళ్వార్ అహోబిలం గురించి పాడారు. పెరియ తిరుమొళిలో మొదటి పత్తులో ఏడో తిరుమొళి, పది పాశురాలు. ఈ క్షేత్రం 108 దివ్యదేశాల్లో ఒకటి అయ్యింది ఆ పాశురాల వల్లే. మనం దేవుడి పాట అంటే తామర పూలు, చల్లని గాలి, నెమళ్ళు ఉంటాయనుకుంటాం. ఆళ్వార్ అలా రాయలేదు. ఎండిపోయిన దిరిసెన కాయలు గాలికి గలగలలాడటం చెప్పారు. రాళ్ళ దారి చెప్పారు. వెదుళ్ళు ఒకదానికొకటి రాసుకుని నిప్పు పుట్టి ఆకాశం ఎర్రబడటం చెప్పారు. సుడిగాలి నిప్పుని ఎత్తుకుపోవడం చెప్పారు. దేవతలకి తప్ప ఇంకొకళ్ళకి వెళ్ళడానికి వీల్లేని కొండ అన్నారు. ఒక రకంగా చూస్తే వేసవిలో అహోబిలం దారి ఎలా ఉంటుందో చెప్పిన మొదటి రిపోర్టు అది. భక్తి ఎక్కువై ఆయన కళ్ళు మూసుకోలేదు. ఆ నిప్పుని కూడా స్వామి ఉన్న చోటులో భాగంగానే చూసి పాడారు.

నేను మాత్రం చూడలేదు. ఇక నా కథ.

నేను నెలలు నిండకుండా పుట్టాను. పిల్లాడు బతికితే ఉగ్రస్తంభం దాకా తీసుకొచ్చి స్వామికి చూపిస్తానని నాన్న మొక్కుకున్నారు. నా పేరులో నరసింహ ఉండటానికి కారణం కూడా అదే. తర్వాత ఉద్యోగం, బదిలీలు, నా చదువు, అమ్మ ఆరోగ్యం. మొక్కు అలా ఇరవై ఏడేళ్ళు నిలిచిపోయింది. రెండేళ్ళ కిందట నేనే బయల్దేరదీశాను. "నాన్నా, ఈ జయంతికి వెళ్ళొచ్చేద్దాం, ఒక్క రోజు పని" అన్నాను. రాత్రి హైదరాబాద్ నుంచి బయల్దేరి పొద్దున్నే చేరి, ఆరింటికి నడక మొదలు, పదకొండుకల్లా కిందికి. ప్లాన్ ఎక్సెల్‌లో చాలా అందంగా ఉంది.

దారిలో రెండు చోట్ల ఆలస్యమైంది. దిగువ గుడిలో జయంతి రద్దీ. ఎగువ గుడిలో దర్శనం అయ్యేసరికి తొమ్మిదిన్నర. అప్పుడే ఆగిపోవాలి కదా? సాఫ్ట్‌వేర్ వాళ్ళం, రిలీజ్ చేసేముందు వెనక్కి తీసుకునే దారి ఉందా అని పదిసార్లు అడుగుతాం. ఇక్కడ మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. పైగా నాన్న ఆ రోజు నిర్జలంగా ఉపవాసం. స్వామి అవతరించింది సంధ్యవేళ కాబట్టి సాయంత్రం పూజ అయ్యేదాకా పచ్చి నీళ్ళు కూడా ముట్టనన్నారు. ఆయనకి యాభై ఎనిమిది, బీపీ మాత్ర వేసుకుంటారు. "కొంచెం నీళ్ళు తాగండి నాన్నా" అని రెండుసార్లు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. నేనూ ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, గట్టిగా చెబితే ఆయన ఆగిపోతారేమో, నా ట్రెక్ ఆగిపోతుందేమో అని లోపల ఎక్కడో ఉంది. చేతికి వాచీ, అందులో అడుగుల లెక్క, గుండె లెక్క, అన్నీ నావే.

జ్వాలా దాకా బాగానే వచ్చాం. ఆ గుహ నీడలో స్వామిని చూసి నాన్న ఏడ్చారు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. అప్పటికి పన్నెండు దాటింది. అక్కడినుంచి దిగిపోతే ఈ కథే లేదు. "ఇంతదూరం వచ్చాం, ఇంకొక్క ముక్క" అన్నాను. ఉగ్రస్తంభం వైపు కొంత ఎక్కాక నాన్న ఒక చెట్టు మొదట్లో కూలబడ్డారు. ఎండిన చెట్టు, నీడ అనడానికి నాలుగు కొమ్మలు. "నువ్వు వెళ్ళి రా నాన్నా. మొక్కు నీ పేరు మీదే కదా. నువ్వు చూస్తే నేను చూసినట్టే" అన్నారు.

నేను వెళ్ళాను.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. పైకి నలుగురు కుర్రాళ్ళు పోతున్నారు, వాళ్ళ వెంట పడ్డాను. నలభై నిమిషాల్లో వచ్చేస్తాను కదా అనుకున్నాను. పది పదిహేను నిమిషాలు ఎక్కానేమో. పైనుంచి ఒక చెంచు పెద్దాయన దిగుతూ ఎదురొచ్చారు. తెల్లవారుజామునే ఎవరినో పైకి తీసుకెళ్ళి దింపుతున్నారు. నేను కిందికి చూసి నాన్నకి చెయ్యి ఊపడం గమనించినట్టున్నారు. "ఆ కింద కూచోనుండే పెద్దాయన మీ నాయనేనా?" అన్నారు. అవునన్నాను. "పొద్దున నుంచి నీళ్ళు తాగినాడా?" లేదు, ఉపవాసం అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, "మీరు ఎవురి కోసరం పోతాండారు సామీ పైకి?" అన్నారు. తిట్టలేదు. మామూలుగా అడిగారు. అడిగి, నా కోసం ఆగకుండా గబగబా కిందికి దిగిపోయారు. ఆయన వెనకే నేనూ.

మేం చేరేసరికి నాన్న చొక్కా ఆరిపోయి ఉంది. అంతకుముందు తడిసి ముద్దగా ఉన్న చొక్కా. ఒళ్ళు కాలుతోంది. నన్ను చూసి మా పెదనాన్న పేరు పెట్టి పిలిచారు. పెదనాన్న పోయి ఆరేళ్ళు. అది విన్నాక నా కాళ్ళు వణికాయి.

తర్వాత జరిగిందంతా ఆ పెద్దాయనే చేశారు, నేను చెప్పింది చేశానంతే. ఇద్దరం ఎత్తి రాయి నీడలోకి జరిపాం. చొక్కా విప్పించి, నా సీసాలో ఉన్న నీళ్ళన్నీ తల మీద, మెడ మీద, చంకల్లో పోశాం. కండువా తడిపి కప్పి, ఇంకో గుడ్డతో విసిరాం. పైకి పోతున్న ఆ కుర్రాళ్ళలో ఇద్దరు వెనక్కి వచ్చి వాళ్ళ నీళ్ళు ఇచ్చారు. వాళ్ళూ శిఖరం వదిలేసుకున్నారు, ఎవరూ అడక్కుండానే. నాన్న నన్ను నా పేరుతో పిలవడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు, వాచీ వైపు చూడలేదు. డోలీవాళ్ళకి కబురు వెళ్ళింది. కింద ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే అని డాక్టర్ గారు వాక్యం మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశారు.

ఉగ్రస్తంభం నేను ఇప్పటికీ చూడలేదు.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని నాకొచ్చిన ప్రశ్న, స్వామి దర్శనానికి వెళ్తే ఇలా ఎందుకు జరిగిందీ అని. చాలామందికి వచ్చే ప్రశ్నే. దానికి మామూలుగా వినిపించే జవాబు "దేవుడే చూసుకుంటాడు, నువ్వు నమ్ము" అని. నిజమే, చూసుకుంటాడు. ప్రహ్లాదుణ్ణి నిప్పులో వేశారు, కాలలేదు. కొండమీంచి తోశారు, దెబ్బ తగల్లేదు. కానీ భాగవతం ఏడో స్కంధం ఎన్నిసార్లు చదివినా ప్రహ్లాదుడు తనంతట తాను కొండమీంచి దూకినట్టు ఎక్కడా లేదండీ. వాళ్ళు తోశారు, స్వామి పట్టుకున్నాడు. "ఇదిగో దూకుతున్నా, నువ్వు పట్టుకో" అని ఆ పిల్లాడు స్వామిని ఒక్కసారి కూడా పరీక్షించలేదు. మనం నడినెత్తి ఎండలో, నీళ్ళు లేకుండా, మందు మాత్ర మానేసి ఎక్కి, "స్వామీ నువ్వే దిక్కు" అంటే అది ప్రహ్లాదుడి భక్తి కాదు. వరం ఉంది కదా, నన్నెవడేం చేస్తాడని ఎగిరిన వాడొకడున్నాడు ఆ కథలో. ఎవరో మీకు తెలుసు.

ఆ వరం సంగతే చూడండి. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట్లో కాదు, బయట కాదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. మా టీమ్‌లో టెస్టింగ్ చేసే అమ్మాయికి ఈ కథ చెబితే "అన్నీ బౌండరీ కేసులే కదా" అని నవ్వింది. నిజంగానే స్వామి ఆ సరిహద్దు కోసం ఆగాడు. సంధ్యవేళ, గడప మీద, తొడ మీద. బ్రహ్మాండాన్ని చీల్చగలిగినవాడు, మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి ఆ వరాన్ని తుంచెయ్యలేడా? కానీ బ్రహ్మ ఇచ్చిన మాటకి మర్యాద ఇచ్చాడు, వేళ చూసుకున్నాడు, చోటు చూసుకున్నాడు. అంత కోపంలో కూడా ఆయన వేళ పాటించాడు. మరి ఆయన దగ్గరికి వెళ్ళే మనం, తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి "ఏం కాదులే" అనుకుంటే ఎలా?

ఉపవాసం గురించి కూడా ఒక మాట. నాన్నకి తర్వాత బెంగ పట్టుకుంది. ఆసుపత్రిలో నీళ్ళు తాగించారు, వ్రతం చెడిందని. మహాభారతం ఉద్యోగపర్వంలో, విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిన నీతిలో ఒక విషయం ఉంది. వ్రతాన్ని చెరపనివి ఎనిమిదని లెక్క చెప్తాడు: నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక తీర్చడం, గురువు మాట, మందు. ఆ లిస్టులో మొదటిది నీళ్ళు, చివరిది మందు. ఇది నాన్నకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు నిర్జలం అని పట్టుబడితే మీరు వాదించొద్దు, విదురుడి చేత చెప్పించండి. పనిచేస్తుంది. ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని నిర్జలం చెయ్యగలిగేవాళ్ళు చేసుకోవచ్చు, కొండెక్కే రోజున మాత్రం వద్దు.

అసలు నన్ను పట్టుకుని వదలనిది ఇంకొకటి. హిరణ్యకశిపుడు పోయాక కూడా స్వామి కోపం దిగలేదు. బ్రహ్మ, రుద్రుడు, ఇంద్రుడు దూరంనుంచే స్తోత్రం చేశారు. లక్ష్మీదేవి కూడా దగ్గరికి వెళ్ళడానికి జంకింది. చివరికి ప్రహ్లాదుణ్ణి పంపారు. చిన్న పిల్లాడు, నడిచి వెళ్ళి కాళ్ళ మీద పడ్డాడు, స్వామి తల మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు ఆ పిల్లాడు చేసిన స్తోత్రం ఏడో స్కంధం తొమ్మిదో అధ్యాయంలో ఉంది. అందులో ఒకచోట ఏమంటాడంటే: సాధారణంగా మునులు తమ మోక్షం తాము చూసుకుని అడవుల్లోకి పోయి మౌనంగా ఉంటారు, ఎదుటివాళ్ళ సంగతి పట్టించుకోరు. నేను మాత్రం ఈ దిక్కులేనివాళ్ళని వదిలేసి ఒక్కణ్ణే ముక్తి పొందాలనుకోవట్లేదు, అంటాడు.

ఎన్నిసార్లు చెప్పి ఉంటాను ఈ మాట, వీడియోల్లో. వ్యూస్ కూడా బాగా వచ్చాయి. సరిగ్గా ఆ స్వామి కొండమీద, ఆ పిల్లాడి కథ జరిగిందని నమ్మే చోట, నేను మా నాన్నని ఎండు చెట్టు కింద వదిలి ఒక్కణ్ణే పైకి పోయాను. మోక్షానికి కూడా కాదు, ఫొటోకి. "మీరు ఎవురి కోసరం పోతాండారు" అన్న ప్రశ్న అంత సూటిగా నన్ను ఏ ప్రవచనమూ అడగలేదు. ఆ పెద్దాయనకి స్కంధాలు, అధ్యాయాలు తెలుసో లేదో నాకు తెలీదు. చెంచులు మాత్రం స్వామిని తమ అల్లుడిగా చూసుకుంటారు, చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కాబట్టి. ఆ రోజు అత్తారింటివాళ్ళే మా నాన్నని కాపాడారు.

ఇంకోటి కూడా తర్వాత తట్టింది. స్తంభం కథ చెప్పేదేమిటి? తండ్రి వెక్కిరిస్తూ "ఇందులో ఉన్నాడా" అని అడిగితే, ఉన్నాడని పిల్లాడన్నాడు. పోతన గారి పద్యం మీకు ఈపాటికే నోట్లో తిరుగుతూ ఉంటుంది. ప్రతి స్తంభంలోనూ ఉన్నాడు కాబట్టే ఆ స్తంభంలోంచి వచ్చాడు. ఈ కథ మొత్తం నమ్మి, స్వామి ఆ ఒక్క స్తంభం దగ్గరే ఉన్నాడు, అది ముట్టకపోతే మొక్కు తీరదు అనుకున్నానంటే, కథలో ఎవరి పక్కన నిలబడ్డట్టు నేను?

సరే. ఇప్పుడు మీరు అడిగినదానికి జవాబు. ఎక్కొచ్చు. కానీ వేసవిలో అయితే ఇలా చూసుకోండి. తెల్లవారకముందే ఎగువ అహోబిలంలో ఉండండి, అంటే ముందురోజు రాత్రే చేరి దిగువ అహోబిలంలోనో ఆళ్ళగడ్డలోనో పడుకోవాలి. రాత్రంతా డ్రైవ్ చేసి నిద్రలేకుండా నడవడం సగం జబ్బుతో మొదలుపెట్టడమే. వెనక్కి తిరిగే టైం ముందే అనుకోండి. మాది ఇప్పుడు తొమ్మిది. తొమ్మిదికి ఎక్కడుంటే అక్కడినుంచి దిగడమే, ఉగ్రస్తంభం పది అడుగుల్లో కనిపిస్తున్నా సరే. ఉదయమే వాతావరణం చూసి 40 డిగ్రీలు దాటేలా ఉంటే జ్వాలాతో సరిపెట్టుకోండి, పెద్దవాళ్ళుంటే వరాహ నరసింహుడితో. గైడుని తీసుకోండి. స్థానికులకి తెలిసినంత దారి ఏ మ్యాపుకీ తెలీదు, లోపల సిగ్నల్ కూడా నమ్మడానికి లేదు. మొదట్లో కర్రలు దొరుకుతాయి, సిగ్గుపడకుండా తీసుకోండి. దిగేటప్పుడు ఎండుటాకుల మీద మోకాళ్ళని కాపాడేది అదే.

నీళ్ళు మనిషికి మూడు నాలుగు లీటర్లు. బరువే, కానీ మే ఎండలో ఎక్కుతుంటే గంటకి ఒక లీటరు చెమట పోవడం పెద్ద విషయం కాదు. అక్కడి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టినట్టే తెలీదు, పట్టగానే ఆరిపోతుంది. ఉత్త నీళ్ళే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి అదో ఇబ్బంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, స్పూను తలకొట్టి కొలవాలి. మజ్జిగ ఇంకా మంచిది, మా అమ్మ ఓటు దానికే. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు ముందే డాక్టర్ని అడగండి. కొన్ని బీపీ మందులు ఒంట్లో నీళ్ళు ఎక్కువ బయటికి పంపిస్తాయి, నాన్న వేసుకునేది అదే రకం అని నాకు ఆ రాత్రే తెలిసింది. చెప్పుల్లేకుండా ఎక్కుతామని మొక్కుకున్నవాళ్ళు పొద్దున ఏడులోపే ఎక్కి దిగేలా చూసుకోండి, పదింటికి ఆ బండల మీద పాదం నిలవదు.

తలనొప్పి, వికారం, కాళ్ళు పట్టెయ్యడం, కళ్ళు తిరగడం మొదలైతే అక్కడే నీడలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ ఇచ్చి, చల్లబడ్డాక కిందికి దింపండి. మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టకపోయినా అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే, వడదెబ్బే. అప్పుడు బలవంతంగా నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్ళంతా తడిపి విసరండి, ఒకళ్ళు సిగ్నల్ ఉన్నచోటికి పరిగెత్తి 108కి ఫోన్ చెయ్యండి. ఇంకొకటి, కొండమీద ఎక్కడపడితే అక్కడ కర్పూరం వెలిగించకండి. ఆళ్వార్ చెప్పిన ఆ ఎండు వెదుళ్ళు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. సీసాలు కిందికి తెచ్చుకోండి.

గుంపులో అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళని ముందు నడవమనండి. వాళ్ళ నడకే అందరి నడక. మా ఫ్రెండ్స్‌తో ఇప్పుడు ఎక్కడికెళ్ళినా ఇదే పద్ధతి. మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటైంది.

మొక్కు ఏమైందని అడుగుతారు కదా. ఆ తర్వాతి జనవరిలో నాన్నే ఫోన్ చేశారు. సంక్రాంతి అయ్యాక అహోబిలం స్వామి పారువేటకి బయల్దేరతాడు. పల్లకిలో కొండదిగి, నలభై రోజులకు పైగా, చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు. తన పెళ్ళికి రమ్మని ఊరూరా పిలవడానికి వస్తాడని అక్కడివాళ్ళు చెప్తారు. ఇన్నేళ్ళ ఛానల్‌లో పారువేట గురించి రెండు వీడియోలు చేశాను గానీ, అది కొండెక్కలేని వాళ్ళ కోసం కూడా అని నాకు తట్టలేదు. ముసలివాళ్ళు, బాలింతలు, పొలం వదిలి రాలేనివాళ్ళు, వాళ్ళ గుమ్మం ముందుకే ఆయన వస్తాడు.

ఆళ్ళగడ్డ దగ్గర ఒక ఊళ్ళో, తెగ్గెల మీద పల్లకి దించారు. వీధిలో నీళ్ళు చల్లి ముగ్గులేశారు. నాన్న నన్ను భుజం పట్టుకుని ముందుకి తోసి, "స్వామీ, వీడే. ఆలస్యమైంది, క్షమించు" అన్నారు, ఆఫీసులో పెద్దాయనతో చెప్పినట్టు. కొబ్బరికాయ కొట్టారు. పక్కన ఒక అవ్వ మేం ఎక్కడినుంచి వచ్చామో అడిగి, తన కోసం తెచ్చుకున్న మజ్జిగ చెంబు నాన్న చేతికిచ్చింది. ఈసారి ఆయన వద్దనలేదు.

ఈ జయంతికి మేం వెళ్తున్నాం, అమ్మ కూడా వస్తోంది. దిగువ గుడి, ఎగువ గుడి, అంతే. ఉగ్రస్తంభం కార్తికంలో చూద్దామని నాన్న అంటున్నారు. ఎక్సెల్ ఈసారి ఆయనే వేశారు, నిద్రలేచే టైం మూడున్నర అని ఎర్ర రంగులో పెట్టారు.

జై లక్ష్మీనృసింహ.